సాంచాల పక్కన తెరచాప

ఒడ్డున నిలబడ్డ ప్రతి మనిషిదీ ఒకటే ప్రశ్న: "మోటరు లేదా సార్?" లేదంటే జాలి. "చిన్నదొకటి పెట్టియ్యరాదుండ్రి!" మిడ్ మానేరు జలాశయం నిండి నీళ్లు వేములవాడ దాపుకొచ్చినా, నీటి మీద గాలి కూడా ఉంటుందని మావాళ్లకు తోచదు. ఆషాఢంలో ఆరేసిన పంచె పక్కింటి మిద్దె మీద తేలితే మాత్రం తిట్టుకుంటారు.

నాది పాత లేజర్ పడవ. హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో హుస్సేన్ సాగర్ మీద పోటీపడే రకం. కెనడా మనిషి బ్రూస్ కర్బీ గీసిన నమూనా; పొడవు 4.23 మీటర్లు, ఒక్కటే తెరచాప. సికింద్రాబాద్‌లో ఎండకు పడి ఉంటే డీసీఎంలో వేయించుకొచ్చాను. తెరచాప కొయ్య దిగే గుంత నిండా నీళ్లు పోసి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి సగమయ్యాయి. అంటే అడుగున చీలిక. ఎమరీ పట్టి, ఫైబర్ మ్యాట్ పరిచి, రెజిన్ పూసి, ఆ కంపుకు ఇంట్లోవాళ్లతో మాటలు పడ్డాను.

నడపడమంటారా, గాలికి ఎదురుగా నేరుగా పోలేం. నలభై అయిదు డిగ్రీల వాలున అటోసారి ఇటోసారి కోసుకుంటూ పోవాలి. పక్కకు కొట్టుకుపోకుండా నడుమ పలక దించాలి. పడమటి గాలికి కట్ట వైపు హాయిగా పోతాం, తిరుగు ప్రయాణమే కొరివి. "సార్, ఊరు ఇటు!" అని ఒడ్డు నుంచి అరుపులు.

అసలు నా బాధ తెరచాప గురించి. కొయ్యకు దిండు గలీబులా తొడిగే ఆ గుడ్డ పాతబడి మెత్తబడింది. కొత్తది కొందామంటే ధర పడవతో సమానం. ఇంతా చేసి అది పాలిస్టరే! పది పన్నెండు కిలోమీటర్ల అవతల సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, రాత్రింబగళ్లు నేసేదీ పాలిస్టరే. 2017 నుంచి బతుకమ్మ చీరలు నేసిన ఊరు, ఏడు చదరపు మీటర్ల తెరచాప నేయలేదా? పడుగు, పేక బిగించి, వేడికి గట్టిపరిచి, రెజిన్ పట్టిస్తే ఏటవాలుగా సాగదు. అంతే రహస్యం.

ఓ సాంచాల ఆసామికి ఇదంతా చెప్పాను. చాయ్ తాగించి శ్రద్ధగా విన్నాడు. "ఎన్ని మీటర్లు గావాలె?"

"పది."

"పది మీటర్లకు పడుగు బీము ఎక్కియ్యాల్నా సార్?"

అతని మాటా నిజమే. వెయ్యి మీటర్ల గుడ్డకు గిరాకీ చూపిస్తే ఆలోచిస్తానన్నాడు. అంటే వంద పడవలు. మిడ్ మానేరుకు నలభై, కరీంనగర్ లోయర్ మానేరుకు ముప్పై. ఎల్లంపల్లి విశాలం, అక్కడ ఇరవై పట్టవచ్చు. మిగిలిన పది కడెంకు రాసుకున్నాను గానీ, కొండల మధ్య గాలి ఎలా తిరుగుతుందో అక్కడి చేపలవాళ్లను అడగాలి.