మా అమ్మ కత్తిపీట, నేను కొన్న చిప్స్ కట్టర్

మన గ్రూపులో ఎప్పుడూ స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లు, హాస్టల్ సమస్యల మీదే రాసుకుంటాం. ఈసారి నేను కూరగాయలు కోసే ఒక చిన్న వస్తువు గురించి రాస్తున్నా. నవ్వుకోకండి. పోస్టు పెద్దదే, అయినా చివరిదాకా చదవండి. దీంట్లో నా బొటనవేలు ఉంది, మా అమ్మ కూలీ ఉంది, ఇంకో ముగ్గురు ఆడోళ్ల కూలీ కూడా ఉంది.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గర్లో ఉండే ఒక యానాది కాలనీ. నాన్న రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా. అమ్మ పెళ్లిళ్ల సీజన్‌లో వంట మేస్త్రీల దగ్గర కూరగాయలు కోసే పనికి పోతుంది. మా కాలనీ నుంచి నలుగురు ఆడోళ్లు ఒక జట్టు. రాత్రి తొమ్మిదికి కత్తిపీటల మీద కూర్చుంటే లేచేసరికి తెల్లవారుజాము మూడవుతుంది. ఉల్లిగడ్డలు, ఉర్లగడ్డలు, అరటికాయలు, క్యాబేజీ, క్యారెట్, అన్నీ గుట్టలు గుట్టలుగా ఉంటాయి. మమ్మల్ని పొయ్యి దగ్గరికి పిలిచినోళ్లు నాకు తెలిసి ఒక్కరు లేరు. కత్తిపీట దగ్గరికి మాత్రం పిలుస్తారు. అదేం లెక్కో మీకు నేను వివరించక్కర్లేదు.

నేను డిగ్రీ చదువుతూ నెల్లూరులో రూములో ఉండేవాణ్ణి. శని, ఆదివారాల్లో అమ్మతో పాటు పోయేవాణ్ణి. ఒక కాలు ముడిచి, ఇంకో కాలితో పీట తొక్కిపట్టి ఆరు గంటలు కూర్చుంటే లేచేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. అమ్మ గోడ పట్టుకుని లేచేది. అది చూసి నాకు మనసు ఊరుకోలేదు.

ఫోన్‌లో వంటల వీడియోలు చూస్తుంటే ఒకామె 'మాండలిన్' అంది. మాండలిన్ అంటే నాకు తెలిసింది పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ ఒక్కరే. తీరా చూస్తే అది మన బజార్లో దొరికే చిప్స్ కట్టరే. ఏటవాలు పలక, మధ్యలో బ్లేడు. దుంపని పైనుంచి కిందికి తోస్తే బిళ్లలు బిళ్లలుగా కింద పడతాయి. అంతే. తోపుడు బండి మీద 80 రూపాయలకి ఒకటి కొన్నా. అంతా ప్లాస్టిక్. ముక్క పట్టుకునే టోపీ లాంటిది ఒకటి ఇచ్చాడు గానీ, 'ఇదెందుకు, అడ్డం' అని రూములోనే పడేసి వచ్చా.

ఆ శనివారం పెళ్లిలో ఉర్లగడ్డల వేపుడుకి బిళ్లలు కావాలన్నారు. నేను కట్టర్ తీశా. అమ్మ ఒక గడ్డ కోసే లోపల నావి నాలుగు అయిపోతున్నాయి. ఆడోళ్లందరూ చేతులాపి చూశారు. నాకు ఛాతీ ఉబ్బింది. పక్కన పిన్ని, "యాందబ్బయ్యా, రైలు బండి మాదిరి పోతా ఉండావ్" అంది. ఆ మాట పూర్తి కాకముందే గడ్డ అయిపోయింది, వేలు మొదలైంది.

నొప్పి వెంటనే తెలీలేదు. బేసిన్‌లో ఎర్రగా కనపడ్డాక తెలిసింది. కుడి చేతి బొటనవేలి కొస చర్మం బిళ్లలాగే తెగింది. పిన్ని కాఫీ పొడి అంటే, ఇంకొకామె పసుపు అంది. అమ్మ రెండూ వద్దని, ఉతికిన గుడ్డ ఒత్తిపెట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకోమంది. పది నిమిషాలు కదలనీయలేదు. పొద్దున పోయి టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నా. బేసిన్‌లో ఉన్న గడ్డలన్నీ అమ్మ పారబోయించింది. ఎవరూ చూడలేదు కదా, కడిగితే సరిపోదా అన్నా. "తినేది మనుషులే కదరా" అంది. ఆ గడ్డల డబ్బులు మా కూలీలో పోయాయి.

అసలు కథ తర్వాత ఉంది. వేలు మానింది గానీ గీత మీద గీత పడింది. రేషన్‌కి పోతే మిషన్ మీద వేలు పెట్టినప్పుడల్లా 'సరిపోలలేదు' అని వస్తోంది. మూడు సార్లు పెట్టా. వెనకాల లైన్‌లో ఉన్నోళ్లు విసుక్కున్నారు. ఇంటికొచ్చి చెప్తే మా అవ్వ నవ్వింది. "మా మామ కాలంలో వద్దన్నా ఏయించుకునేవోళ్లు ఏలిముద్ర. ఇప్పుడు మనమే ఇస్తామన్నా పడటం లేదా?" అంది.

ఆ నవ్వు వెనకాల ఏముందో మన పిల్లలకి తెలియాలి. 1871లో పుట్టి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చిన నేరస్థ జాతుల చట్టంలో, జాబితాకెక్కిన కులాల మనుషుల వేలిముద్రలు తీసుకునే అధికారం రాసిపెట్టారు. యానాదుల్లో కూడా ఆ ముద్ర పడినోళ్లు ఉన్నారు. దేశమంతటా ఆ చట్టం పోవడానికి 1952 దాకా పట్టింది. సంతకం రాని కాలంలో మనోళ్లకి బొటనవేలే పేరు, అదే సాక్ష్యం, అదే కేసు. ఇవాళ అదే వేలు బియ్యానికి, బ్యాంకుకి, పరీక్ష హాలు హాజరుకి. అందుకే చెప్తున్నా, వేలు కొస చిన్నదే గానీ మనకి అది చిన్నది కాదు.

ఇలా ఎవరికైనా అయితే కంగారు పడకండి. ఆధార్‌లో పది వేళ్లూ, రెండు కళ్లూ తీసుకుని ఉంటారు. ఇంకో వేలు పెట్టి చూడమని అడగండి. నాకు నడిమి వేలు పడింది. గాయం గీత అలాగే ఉండిపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు అప్‌డేట్ చేయించుకోవచ్చు.

ఆ కట్టర్‌ని బయటికి విసిరేయబోతుంటే అవ్వే ఆపింది. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేదో మా ఆలిచిప్ప మాదిరే ఉండాదే" అంది. అవ్వ పుట్టింటోళ్లది శ్రీహరికోట. అప్పుడది నెల్లూరు జిల్లాలోదే. 1969లో రాకెట్ కేంద్రానికని ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న మొదటి రాకెట్ లేచింది. ఆ మధ్యలోనే అవ్వ వాళ్లు మూటలు కట్టుకుని ఇటు వచ్చేశారు. ఆ మూటలో ఆలిచిప్ప కూడా ఉందంట. చిప్ప ఉబ్బెత్తుగా ఉండే పక్కని బండ మీద అరగదీస్తే నడుమ చిల్లు పడుతుంది. ఆ చిల్లు అంచే పదును. మామిడికాయ మీద లాగితే చెక్కు చిల్లులోంచి లోపలికి వచ్చేస్తుంది. సముద్రం ఒడ్డునే కాదు, తెలుగు ఊళ్లల్లో చానా ఇళ్లల్లో ఇది ఉండేది. ఆలోచించండి: నడుమ సందు, సందుకి పదును, కోసింది సందులోంచి అవతలికి పోవడం. మాండలిన్ కూడా అంతే కదా!

"మరి నీ వేలు తెగలేదా అవ్వా?" అన్నా. "చిప్పని చేత్తో పట్టుకుని కాయ మీద లాగుతాం. నువ్వు కాయని పట్టుకుని కత్తి మీదికి తోశావ్. కాయ తరిగే కొద్దీ నీ చెయ్యి కత్తికి దగ్గరవుతుంది కదరా" అంది. బడికి పోని మా అవ్వ ఒక్క మాటలో చెప్పింది. కత్తిపీటలో కూడా చెయ్యే కత్తి మీదికి పోతుంది గానీ, అక్కడ కత్తి కంటికి ఎదురుగా ఉంటుంది. కట్టర్‌లో బ్లేడు దుంప కింద దాక్కుంటుంది.

ఆ తర్వాత నాలుగు షాపులు తిరిగి, 450 రూపాయలు పెట్టి రెండోది కొన్నా. కొనాలనుకునేవాళ్ల కోసం నేను నేర్చుకున్నది చెప్తా.

మొదట చూడాల్సింది బ్లేడు కాదు, ముక్క పట్టుకునే పట్టు. కింద ముళ్లు ఉండాలి, అంచు మన వేళ్లకంటే వెడల్పుగా ఉండాలి. పట్టు లేని కట్టర్ ఎంత చౌకగా ఇచ్చినా కొనొద్దు. రెండోది, కింద రబ్బరు కాళ్లు. లేకపోతే తడి గుడ్డ పరిచి దాని మీద పెట్టాలి. మూడోది, పలకని రెండు చేతులతో పట్టుకుని కొంచెం మెలిపెట్టండి. వంగిందంటే బరువు పడ్డప్పుడు కూడా వంగుతుంది. నా మొదటిది అలాంటిదే.

బ్లేడు స్టెయిన్‌లెస్ స్టీలుది, ఏటవాలుగా గానీ 'వి' ఆకారంలో గానీ ఉన్నది మేలు. అడ్డంగా నిటారుగా ఉన్న బ్లేడుకి దుంప మొత్తం ఒకేసారి తగులుతుంది, బలంగా తోయాలి, ఇరుక్కుంటుంది, జారుతుంది. ఏటవాలు బ్లేడు కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోతుంది. మన కత్తిపీట వంపు తిరిగి ఉండేది కూడా ఊరికే కాదు. మందం మార్చుకునే మర కూడా ఉండాలి. పలకకీ బ్లేడుకీ మధ్య ఉన్న ఎత్తు తేడానే ముక్క మందం. చిప్స్‌కి రూపాయి బిళ్ల మందం, అంటే ఇంచుమించు ఒకటిన్నర మిల్లీమీటరు. కాకరకాయకీ, అరటికాయ బజ్జీకీ దానికి రెట్టింపు. మందం సమంగా లేకపోతే నూనెలో పల్చటివి మాడిపోతాయి, మందంవి మెత్తగా ఉండిపోతాయి.

కోసేటప్పుడు ముందు ఒక పక్క చాకుతో తీసి చదును చేసుకుని, ఆ చదును పక్కే బ్లేడు మీద పెట్టాలి. లేకపోతే దొర్లుతుంది. బొటనవేలంత ముక్క మిగిలాక ఆపెయ్యండి, దాన్ని కత్తిపీట మీద కోసుకోండి. ఆ చివరి ముక్క మీద ఆశే నా వేలు తీసింది. ఉర్లగడ్డ బిళ్లలు రెండు మూడు నీళ్లు మార్చి కడిగితే పిండి పోయి ఒకదానికొకటి అతుక్కోవు. అరటికాయకి ముందు చేతులకి నూనె రాసుకుంటే జిగురు పట్టదు. బెండకాయ, పండు టమోటా, ఆకుకూరలు దీని మీద పెట్టొద్దు, అవి కత్తిపీటవే. కందగడ్డ పెద్ద ముక్క పెడితే బ్లేడే వంగుతుంది. చేపలు, రొయ్యలు అసలే వద్దు.

కడిగేటప్పుడు సబ్బు నీళ్ల బకెట్లో ముంచి వదలొద్దు, తెలియక ఎవరో ఒకరు చెయ్యి పెడతారు. పాత టూత్‌బ్రష్‌తో వెనక నుంచి అంచు వైపు తోమాలి. మన పక్క ఉప్పుగాలికి స్టీలు కూడా మచ్చలు పడుతుంది. ఆరాక ఒక చుక్క నూనె తుడిచి, గుడ్డలో చుట్టి, పిల్లలకి అందకుండా పైన తగిలించండి. రోజూ పని చేసేవాళ్లయితే తెగని చేతి తొడుగు కూడా ఒకటి కొనుక్కోవాలి.

ఇంత నేర్చుకుని కొత్త కట్టర్‌తో పనికి పోయాం. రాత్రి ఒంటిగంటకే పని అయిపోయింది. నేను సంతోషంగా ఉన్నా. మేస్త్రీ వచ్చి చూశాడు. "ఈ మిషన్ ఉంటే నలుగురెందుకు మే, రేపట్నుంచి ఇద్దరు రండి చాలు" అన్నాడు.

అమ్మ ఏం మాట్లాడలేదు. ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. పిన్ని నా వైపు చూడలేదు. తర్వాత పెళ్లికి అమ్మ కట్టర్ తీసుకురానివ్వలేదు. నాకు కోపం వచ్చింది. "నీ మోకాళ్ల కోసమే కదమ్మా కొన్నా" అని అరిచా. అమ్మ నిదానంగా అంది: "కొన్నది మనం. మిగిలిన పొద్దు ఆయన జేబులో పడితే ఎట్టా? ముందు అది తేలాల."

నాకు ఆ మాట అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. డిగ్రీలో ఎకనామిక్స్ పేపర్ రాసిన నాకు.

తర్వాత నలుగురూ కూర్చుని మాట్లాడుకున్నారు. మనిషికింత రోజు కూలీ అని కాకుండా, పెళ్లికి ఇంత అని గుత్తకి అడగాలనుకున్నారు. లెక్క నేను రాసిచ్చా. ఎన్ని విస్తళ్లు, ఎన్ని కిలోలు, ఇదివరకు నలుగురికి కలిపి వచ్చేది ఎంత అని. కట్టర్ మాది, ఎంతమంది వస్తామో మా ఇష్టం, పని మాత్రం టైముకి అవుతుంది. ఆ మేస్త్రీ ఒప్పుకోలేదు, వేరే ఊరోళ్లని పెట్టుకున్నాడు. ఆ నెల కష్టంగానే గడిచింది. ఇంకో మేస్త్రీ ఒప్పుకున్నాడు. ఇప్పుడు నలుగురికీ మునుపటి డబ్బులే వస్తున్నాయి, ఎక్కువేం రావడం లేదు. కానీ ఒంటిగంటకి ఇంటికొచ్చి పడుకుంటున్నారు. పిన్ని మళ్లీ నన్ను "రైలు బండి" అని పిలుస్తోంది.

అమ్మ ఉల్లిగడ్డలు మాత్రం ఇప్పటికీ కత్తిపీట మీదే కోస్తుంది. "చేతికి తెలిసిన పని మర్చిపోకూడదురా" అంటుంది. గోడ పట్టుకుని లేవడం పూర్తిగా పోలేదు, తగ్గింది.

పండక్కి ఇంటికి పోయేటప్పుడు అమ్మకి ఏం కొనాలా అని ఆలోచించే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. కట్టర్ కొంటే పట్టు ఉన్నదే కొనండి, ఆ పట్టుని పారేయకండి. అది పనిలోకి పోతే, దానివల్ల మిగిలే పొద్దు ఎవరిదో ముందే మాట్లాడుకోండి.

ఇంకోటి. మీ ఇళ్లల్లో అవ్వల దగ్గర అరగదీసిన పాత ఆలిచిప్ప ఉంటే దయచేసి ఫోటో తీసి కింద పెట్టండి. మా అవ్వది ఎప్పుడో పోయింది. కొత్తది అరగదీయడం నేర్పమంటే, "చిప్ప తీసుకురా, చూద్దాం" అంది. వచ్చే ఆదివారం పులికాట్ పక్కకి పోతున్నా.