చేపలకు పడిన నీళ్ళు పిల్లలకు పడతాయా?

ఇంట్లో అద్దాల తొట్టి పెట్టుకుని రంగు చేపల్ని పెంచుకుందామనుకుంటున్నాం, ఆరోగ్యరీత్యా ఇబ్బందేమైనా ఉందా అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. డాక్టరు కదా, వద్దంటాడేమోనని కాస్త సందేహిస్తూనే అడుగుతారు. నేను మాత్రం నిక్షేపంగా పెట్టుకోమంటాను. నా గదిలో, రోగులు కూర్చునే బల్ల ఎదురుగా నాలుగడుగుల తొట్టి ఒకటి ఉంది. ఇంజక్షను అంటే ఇల్లెగరగొట్టే పిల్లవాడు కూడా దాని ముందు నిలబడితే గొంతు తగ్గిస్తాడు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 1983లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆరన్ కాచర్, ఆయన సహచరులు ఒక పరిశీలన ప్రచురించారు. చేపల తొట్టిని చూస్తూ కూర్చున్నవాళ్ళకు రక్తపోటు తగ్గింది. రక్తపోటు జబ్బు ఉన్నవాళ్ళకూ తగ్గింది, లేనివాళ్ళకూ తగ్గింది. 2015లో ఇంగ్లండులో ప్లిమత్ పట్టణపు అక్వేరియంలో చేసిన మరో పరిశీలనలోనూ ఇలాంటి ఫలితమే కనిపించింది. అలా అని చేపల్ని చూస్తున్నాం కదా అని బి.పి. మాత్ర మానేయకండి సుమా! తొట్టి ముందు కూర్చున్నంతసేపూ తగ్గేది వేరు, ఇరవై నాలుగు గంటలూ అదుపులో ఉండవలసింది వేరు.

ఇక ఏ చేపలు? మన కురిచేడు, దొనకొండ, మార్కాపురం ప్రాంతపు బోరు నీళ్ళకు నన్నడిగితే ఆఫ్రికా సిక్లిడ్‌లు అంటాను. పేరు కొత్తగా ఉన్నా కుటుంబం మీకు తెలిసినదే. ఎవరూ వేయకపోయినా చెరువుల్లో నిండిపోయే తిలాపియా ఉంది చూడండి, అదీ ఆఫ్రికా సిక్లిడే. 1952లో దాన్ని మన దేశానికి తెచ్చారు, ఆ తర్వాత అదే ఊళ్ళేలింది. నేను చెబుతున్నవి దాని దాయాదులు. తూర్పు ఆఫ్రికాలో మలావీ అనే పెద్ద సరస్సులో రాళ్ళ సందుల్లో బతికేవి. పసుపు, నీలం, నారింజ, చారలవి - వందల రకాలు. మెత్తటి వాన నీటి లాంటి నీళ్ళు కోరే చేపలు మన బోరు నీటిలో డీలాపడతాయి. వీటికి కాస్త క్షారగుణం ఉన్న నీళ్ళే హితం. పి.హెచ్. ఎనిమిదీ ఎనిమిదిన్నర మధ్య ఉంటే హాయిగా ఉంటాయి. మన దగ్గర చాలా బోర్లు అటూ ఇటూగా అక్కడే ఉంటాయి.

తొట్టి చిన్నది కొనకండి. ఇవి పోట్లాట చేపలు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే రెండు వందల యాభై లీటర్లు పడుతుంది. నీళ్ళూ రాళ్ళూ అద్దం కలిపి మూడు క్వింటాళ్ళ పైమాటే. కనుక బీరువా మీదా, గోడలో చెక్క అరమీదా కాదు, నేలమీద గట్టి ఇనుప స్టాండు ఉండాలి. దాని మీద థర్మోకోలు పలక పరచి అప్పుడు తొట్టి పెట్టండి.

రాళ్ళ కోసం పట్నం పోనక్కరలేదు. మార్కాపురం పలక మన పక్కనే ఉంది! నీళ్ళలో కరగదు, ఒకదానిమీద ఒకటి పేర్చితే చక్కని గుహలవుతాయి. లోహంలా మెరిసే చారలున్న ముక్కలు మాత్రం పక్కన పడేయండి. కోసేటప్పుడు తడిపి కోయించండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. రాళ్ళను ముందు అద్దం మీదే నిలిపి తర్వాత ఇసుక పోయాలి. ఇసుక మీద రాళ్ళు పెడితే, ఈ చేపలు రాత్రికి రాత్రే కింద తవ్వి గోడ కూల్చేస్తాయి.

తొట్టి నింపగానే చేపల్ని వేయాలని పిల్లలు చేసే గోల నాకు తెలుసు. ఆగాలి. చేప విసర్జించే అమోనియాను తినే సూక్ష్మక్రిములు ఫిల్టరులో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. క్షారపు నీటిలో అమోనియా మరీ విషం. మెత్తటి నీళ్ళలో చేప తట్టుకునే మోతాదే ఇక్కడ చంపేస్తుంది. మొదట నాలుగైదింటితో మొదలుపెట్టి నెమ్మదిగా పదిహేను దాకా పెంచండి. ఒక్కో రకంలో ఒక మగదానికి మూడు ఆడవి ఉంటే దెబ్బలాటలు తగ్గుతాయి. తిండి రోజుకు రెండు చిటికెలు. ఈ రాతి చేపల్లో చాలావరకు పాచి తినేవి. మాంసం, పురుగులు మరిగితే పొట్ట ఉబ్బి చస్తాయి. ఉడికించిన పాలకూర, బఠానీ వేయండి. వారానికొకసారి నాలుగో వంతు నీరు మార్చండి. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు వెడల్పు గంగాళంలో ఉంచి పోయాలి.

ఆడ చేప గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది. మూడు వారాలు తిండి ముట్టదు. నోరు తెరిస్తే చిన్న చిన్న పిల్లలు బయటికి వస్తాయి. చూసి తీరవలసిన దృశ్యం.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇలా తొట్టి బాగా కుదిరిన ఒక తండ్రి మొన్న వేసవిలో ఏడేళ్ళ కొడుకును తీసుకువచ్చాడు. వచ్చింది జ్వరానికి. నోరు తెరవమంటే ముందు పళ్ళ మీద సుద్దలాంటి మచ్చలు, అక్కడక్కడ గోధుమ రంగు గీతలు. మనవాళ్ళు గారపళ్ళు అంటారు. నీళ్ళు పరీక్ష చేయించారా అని అడిగాను.

“మా బోరు నీళ్ళకేం సార్! ఆ నీళ్ళల్లోనే చేపలు పిల్లలు పెడుతున్నాయి” అన్నాడు.

పక్కనున్న భార్య, “తాగేదానికి డబ్బా నీళ్ళేనండీ” అంది.

“మరి అన్నం ఏ నీళ్ళతో వండుతావమ్మా?”

“వంటకి బోరు నీళ్ళే.”

ఈ జవాబు నేను వారానికి నాలుగుసార్లయినా వింటాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. చేపకు నచ్చిన గుణమే మనకు ప్రమాదాన్ని తెచ్చే గుణం కావచ్చు. క్షారగుణం ఎక్కువై, సున్నం తక్కువైన నీళ్ళు భూమిలోని రాతి నుంచి ఫ్లోరైడును - మనం ఫ్లోరిన్ అంటాం - మరింతగా కరిగించుకుంటాయి. రంగు ఉండదు, వాసన ఉండదు, రుచి తెలియదు. సున్నం తక్కువ కనుక సబ్బు కూడా బాగా నురగ వస్తుంది. ‘బంగారంలాంటి నీళ్ళు’ అనుకుంటాం. చేపలవాళ్ళు వాడే పి.హెచ్. చుక్కల మందులోనూ, కాఠిన్యం చూసే పట్టీలోనూ ఫ్లోరైడు కనబడదు. చేప ఎనిమిదీ పదేళ్ళు బతికి పోతుంది. దాని నడుము పట్టేసిందని అది మీకు చెప్పదు కదా!

ఈ జబ్బు మన ప్రాంతానికి కొత్త కాదు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలైన వైద్యులు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో రాశారు. వాళ్ళు చూసిన రోగులు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న మన దర్శి, పొదిలి వైపువాళ్ళే. వెన్ను కర్రలా బిగిసి, మెడ తిప్పలేని మనుషులు. విచిత్రం చూడండి. ఈ చేపల పుట్టిల్లయిన తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయలో - కెన్యా, టాంజానియా, ఇథియోపియాలలో - మనుషులకు ఇదే జబ్బు. అక్కడి మగాడీ సరస్సు ఒడ్డున వేడి సోడా ఊటల్లో, ఫ్లోరైడు విపరీతంగా ఉన్న నీళ్ళల్లో, ఒక సిక్లిడ్ నిశ్చింతగా ఈదుతుంది. ఆ నీళ్ళు మీరూ నేనూ గుక్కెడు తాగలేం.

లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు దాటకుండా ఉండడం మేలు, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా అని మన దేశపు ప్రమాణం. ఎనిమిదేళ్ళలోపు, చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే కాలంలో, ఎక్కువ పోతే పళ్ళు మచ్చలు పడతాయి. ఆ మచ్చ తర్వాత మందుతో పోదు. ఏళ్ళ తరబడి పోతే ఎముకలు. నీళ్ళు కాస్తే పోతుందిగా అంటారు. పోదు సరికదా, నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. కొవ్వొత్తి ఫిల్టరూ ఆపలేదు. ఎసరులో పోసిన ఫ్లోరైడు అన్నంలోకీ, పప్పులోకీ, సాంబారులోకీ వస్తుంది. డబ్బా నీళ్ళు తాగుతున్నామన్న ధైర్యం సగం ధైర్యమే.

ఒకే ఊళ్ళో ఈ బోరులో ఉండి, పక్క బోరులో లేకపోవచ్చు. కనుక పొరుగువాళ్ళ మాట మీద ఆధారపడకండి. మీ బోరు నీళ్ళు ఒక లీటరు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో - గాజు సీసా వద్దు - పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపండి, ఫ్లోరైడు చూడమని ప్రత్యేకంగా అడగండి. ఆ తండ్రి పంపించాడు. ఫలితం హద్దుకు రెట్టింపు పైనే వచ్చింది. తొట్టి తీసేయమంటారా సార్ అని ఫోను చేశాడు. తొట్టిని అలాగే ఉండనిమ్మన్నాను, ఎసరు నీళ్ళు మార్చమన్నాను. వంటకూ తాగడానికీ ఆర్.ఓ. నీళ్ళు గానీ, పరీక్షలో బాగున్న కాలువ నీళ్ళు గానీ వాడాలి. పిల్లలకు పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి బాగా పెట్టాలి. ఆర్.ఓ. యంత్రం వదిలే వ్యర్థపు నీళ్ళలో లవణాలూ ఫ్లోరైడూ చిక్కబడి ఉంటాయి. పారబోయబుద్ధి కాక కొందరు అవి తొట్టిలో పోస్తున్నారు, గేదెలకు పెడుతున్నారు. రెండూ వద్దు. ఇల్లు తుడుచుకోండి.

తొట్టితో మరి రెండు జాగ్రత్తలు. చేతిమీద గాటు ఉంటే నీళ్ళలో పెట్టకండి. చేపల తొట్టిలో ఉండే క్షయజాతి క్రిమి ఒకటి ఆ గాటులో దూరి, కొన్ని వారాలకు వేలిమీద మానని గడ్డగా లేస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే మా ఇంట్లో చేపల తొట్టి ఉందని మీరే ముందు చెప్పండి, లేకపోతే ఆయన మామూలు పుండుకే మందిస్తాడు. నీళ్ళు తీసే గొట్టాన్ని నోటితో పీల్చకండి. రెండోది కరెంటు. చెయ్యి పెట్టేముందు అన్ని స్విచ్చులూ తీసేయాలి. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి పోయేట్టు కట్టాలి. అప్పుడు కారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోకుండా నేలమీద పడుతుంది.

మే నెల వచ్చేసరికి గదిలో నీళ్ళు ముప్పై రెండు డిగ్రీలు దాటుతాయి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే తొట్టి మూత తీసి, నీటిమీదికి ఫాను తిప్పండి. కరెంటు పోయిందంటే చెంబుతో నీళ్ళు తీసి జానెడెత్తు నుంచి మళ్ళీ తొట్టిలోనే పోస్తుండండి, పది నిమిషాలకొకసారి. ఈ పని పిల్లలకు అప్పగిస్తే మీరు చెప్పక్కరలేకుండానే చేస్తారు.