ఉరుములో వినబడని మాట



గత వేసవిలో మా సంఘపు సండే స్కూలు పిల్లలు పది నిమిషాల శ్రవ్య నాటిక ఒకటి తయారుచేశారు. గలిలయ సముద్రములో తుఫాను లేచినప్పుడు ప్రభువు దోనె వెనుక భాగములో నిద్రపోతున్న సంగతే దాని కథ. పది నిమిషాల నాటికకు మాకు ఎనిమిది వారాలు పట్టింది. ఆ ఎనిమిది వారాల్లో పిల్లలకంటె వారి కాపరినైన నేనే ఎక్కువ నేర్చుకున్నాను. దాచుకోవలసిన సంగతి కూడా ఇందులో ఉన్నది. అయినా మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

శబ్దాలంటే నాకు చిన్ననాటినుండి మక్కువ. మా నాన్నగారి రేడియోలో ఆకాశవాణి విజయవాడ కేంద్రం నాటకాలు వింటూ పెరిగాను. తలుపు కిర్రుమంటే ఎవరో వచ్చారని, చెంబు దొర్లితే ఏదో జరిగిందని కళ్ళకు కట్టినట్టు తెలిసేది. గుర్రపు డెక్కల చప్పుడుకు కొబ్బరి చిప్పలు కొడతారనీ, ఉరుముకు రేకు ఊపుతారనీ చాలాకాలం తరువాత తెలిసి ఆశ్చర్యపోయాను. సినిమాలకు ఇటువంటి శబ్దాలు చేతితో చేసి జోడించే పనిని నేటికీ ‘ఫోలీ’ అంటారు. అమెరికాలో ఆ పనిలో ఆరితేరిన జాక్ ఫోలీ (1891–1967) పేరే దానికి నిలిచిపోయింది.

మేము నాటిక తలపెట్టడానికి కారణం మా సంఘములోని ఒక మామ్మ. ఆమెకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. ఒక ఆదివారం పిల్లలకు గోడమీద బొమ్మలు వేసి కథ చెబుతుంటే, “అయ్యగారూ, బొమ్మలు పిల్లలకు బాగానే ఉన్నాయి. నాలాంటిదానికి ఏం కనబడతాయి?” అన్నది. పిల్లలే ముందుకొచ్చి, “మామ్మకు వినబడేటట్టు చేద్దాం అయ్యగారూ” అన్నారు.

వేదాంత డిప్లొమాలో నాకు గ్రీకు అక్షరాలు నేర్పారు గాని కంప్యూటరు నేర్పలేదు. బంధువులు వాడి ఇచ్చిన ఒక పాత లాప్‌టాప్ మాత్రం ఉన్నది. అప్పుడు డిగ్రీ చదువుతున్న మా సంఘపు తమ్ముడొకడు పెన్‌డ్రైవ్ తెచ్చాడు. “అయ్యగారూ, ఇది పెద్ద పెద్ద స్టూడియోలవాళ్ళు వాడేది. డబ్బు కట్టనక్కరలేదు, తాళం తీసేసిన కాపీ” అన్నాడు. నేను మరేమీ అడగలేదు. అడిగితే వద్దనవలసి వస్తుందని నా మనస్సాక్షికి తెలుసు. ఎక్కించేటప్పుడు అది వైరస్ రాకుండా కాపాడే ప్రోగ్రామును ఆపమన్నది. ఇంటి తలుపు తీసిపెట్టి పడుకోమన్నట్టే గదా! అదికూడా చేశాను. దేవుని పనికే గదా అని సర్దుకున్నాను.

రెండు వారాలు పని సాగింది. ఒక ఆదివారం పది ఆజ్ఞల పాఠములో ఎనిమిదవ ఆజ్ఞ దగ్గరకు వచ్చాము. దొంగతనమంటే చీకట్లో గోడ దూకడమే కాదు, తూకములో తగ్గించడమూ, అప్పు ఎగవేయడమూ దొంగతనమేనని వివరిస్తున్నాను. ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడు లేచాడు. “అయ్యగారూ, మన కంప్యూటరులో ఉన్నది డబ్బు కట్టకుండా తెచ్చుకున్నది గదా. అది ఇందులోకి వస్తుందా, రాదా?” అని అడిగాడు. వాడు ఎగతాళిగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగాడు. అందుకే నాకు మరింత గట్టిగా తగిలింది.

ఆ రాత్రి మా ఇంటామెతో చెబితే, “ఆదివారం మీరు అందరినీ అడిగే ప్రశ్నే గదండీ వాడు మిమ్మల్ని అడిగింది” అన్నది. ఆ రాత్రే దానిని తీసివేశాను. అందులో చేసిన రెండు వారాల పని కూడా పోయింది. మరుసటి ఆదివారం పిల్లల ముందు తప్పు ఒప్పుకున్నాను. పెన్‌డ్రైవ్ తెచ్చిన తమ్ముడిని నిందించలేదు. తెచ్చింది అతడైనా, ఎక్కించుకున్నది నేను.

ఈసారి సాఫ్ట్‌వేర్ వెదకడానికి ముందు మాకు ఏమేమి కావాలో పిల్లలచేత కాగితం మీద రాయించాను. ఒక్కొక్కరి గొంతు, ఒక్కొక్క శబ్దము విడివిడి పట్టీలుగా ఒకదానికింద ఒకటి పేర్చుకునే వీలుండాలి. శబ్దమును మెల్లగా పెంచి మెల్లగా తగ్గించగలగాలి. ఫ్యాను హోరు తగ్గించగలగాలి. నెట్ లేకపోయినా పాత లాప్‌టాప్‌లో నడవాలి. పిల్లలు తమ ఇళ్ళలో పెట్టుకున్నా తప్పు కాకూడదు. ఈ చివరి మాట రాసింది ఆ ఎనిమిదో తరగతి పిల్లవాడే.

ఆ కాగితము పట్టుకుని మూడింటిని పరిశీలించాము. మొదటిది అడోబీ ఆడిషన్. పూర్వము ‘కూల్ ఎడిట్ ప్రో’ అనే పేరున్న దానిని అడోబీ సంస్థ 2003లో కొన్నది. గొప్ప పనిముట్టే గాని చందా కడుతూ ఉండాలి. అది మా కానుకల పెట్టెకు మించిన పని. రెండవది రీపర్. చాలా తేలికగా నడుస్తుంది, చేయలేని పని లేదు. 60 రోజులు ఉచితముగా పరీక్షించుకోనిస్తారు, తరువాత మావంటివారికి లైసెన్సు 60 డాలర్లు. గడువు దాటినా అది పనిచేస్తూనే ఉంటుంది. పనిచేస్తున్నది గదా అని కట్టకుండా వాడుకుంటే మళ్ళీ పాత తప్పే. పైగా ఆ తెర చూసి పిల్లలు బెదిరిపోయారు. మూడవది ఆడాసిటీ. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ దీనిని మొదలుపెట్టారు. 2021లో మ్యూజ్ గ్రూప్ అనే సంస్థ చేతికి వచ్చినా ఉచితముగానే ఉన్నది. దానిని మరొకరికి కాపీ చేసి ఇవ్వడానికి కూడా లైసెన్సులోనే అనుమతి ఉన్నది. మా కాగితములోని అన్ని గుర్తులూ దీనికే పడ్డాయి. దీనిని వారి సొంత సైటునుండి మాత్రమే దించుకోండి.

శబ్దాలు ఎక్కడనుండి తేవాలి? ఒకసారి కాలినవాడిని గనుక ఈసారి షరతులు ముందే చదివాను. బార్సిలోనాలోని పొంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయము 2005లో ప్రారంభించిన ఫ్రీసౌండ్ అనే భాండారము ఉన్నది. అందులో కొన్నింటిని ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చు, కొన్నింటికి చేసినవారి పేరు చెప్పాలి, కొన్నింటిని వ్యాపారానికి వాడకూడదు. బీబీసీ వారు 2018లో 16,000 శబ్దాలను సొంత వాడకానికి, చదువుకు, పరిశోధనకు తెరిచిపెట్టారు. ఇదంతా విని మా పిల్లలు, “మనమే చేసుకుందాం అయ్యగారూ” అన్నారు.

పెద్ద చేటలో కందులు పోసి నెమ్మదిగా అటూ ఇటూ వంచారు. అలలు! పశువుల పాక కప్పగా మిగిలిన రేకు ఊపారు. ఉరుము! తడి దుప్పటి విదిలిస్తే తెరచాప, పాత కుర్చీ ఊపితే దోనె కిర్రుమనడం, గోలెంలో చెంబు ముంచితే నీళ్ళు తోడి పోయడం. అన్నీ ఫోనులోనే రికార్డు చేశాము. మాటలకు ముందు రెండు మూడు సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఉంచాలి. ఆ ఖాళీ భాగము చూపించి ‘నాయిస్ రిడక్షన్’ చేస్తే ఫ్యాను హోరు చాలావరకు పోతుంది.

తుఫాను ఎంత బాగా వచ్చిందంటే నేనే మురిసిపోయాను. పూర్తికాగానే లాప్‌టాప్ పట్టుకుని మామ్మ ఇంటి అరుగు మీదికి వెళ్ళాము. ఆమె చేతులు కట్టుకుని చివరివరకు విన్నది. పిల్లలు ఏమంటుందోనని చూస్తున్నారు. “తుఫాను నిజంగానే వచ్చినట్టున్నది అయ్యగారూ, భయమేసింది. కాని ప్రభువు లేచి ఏమన్నాడో నాకు వినబడలేదు” అన్నది.

ఆ మాట విని నేను నోరెత్తలేదు. ఉరుము మీది మోజులో మాటను ముంచేశాను. ప్రసంగములోనూ అనేకసార్లు ఇదే చేశానేమో! మైకు పెంచి, గొంతు పెంచి, హోరు సృష్టించి, అసలు మాటను కిందికి నెట్టివేశానేమో! ఏలీయాకు కొండమీద గాలి వచ్చింది, భూకంపము వచ్చింది, అగ్ని వచ్చింది. దేవుడు మాట్లాడింది వాటిలో కాదు, వాటి తరువాత వచ్చిన మెల్లని స్వరములో.

తిరిగి వచ్చి సరిచేశాము. మాట ఉన్న పట్టీని గాలి ఉన్న పట్టీకి కింద పెట్టి ‘ఆటో డక్’ చేస్తే, మాట వచ్చినప్పుడల్లా గాలి తనంతట తానే తగ్గుతుంది. ప్రభువు మాట్లాడే చోట మాత్రము అన్ని శబ్దాలూ తీసివేశాము. అలలు లేవు, గాలి లేదు. ఆ మాట తరువాత నాలుగు సెకన్లు ఏమీ వినబడదు. మళ్ళీ వెళ్ళి వినిపిస్తే మామ్మ, “ఇప్పుడు వినబడింది” అన్నది. కాసేపాగి, “ఇంకోసారి పెట్టండయ్యా” అన్నది.

ప్రియులారా, మీ సంఘములోనూ పిల్లలు ఇటువంటి పనికి పూనుకోవచ్చు. ఏ సాఫ్ట్‌వేర్ గొప్పదని మొదట అడగవద్దు. మీకేమి కావాలో కాగితము మీద రాసుకోండి. మీరు దానిని ఎలా సంపాదించారో మీ పిల్లల ముందు ధైర్యముగా చెప్పగలరా అని చూసుకోండి. పని పూర్తయ్యాక, చూపులేని ఒకరికి వినిపించి, ఏమి వినబడిందో అడగండి.

చేసే ప్రతి చప్పుడులోనూ మాటకు దారి ఇచ్చే వివేకమును ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.