అంబాసిడర్ చాంబర్‌లో మూడు ముక్కలు

18 జనవరి 2023, కోరుట్ల

జగిత్యాల పెద్దబాపు అంబాసిడర్ షెడ్డుకొచ్చింది. 1991 మోడల్ నోవా, పెట్రోల్ బండి. ఏపీ 15 నంబరు. జగిత్యాల 2016లోనే జిల్లా అయింది గాని ఈ బండి మాత్రం ఇంకా కరీంనగర్‌దే. మామిడితోటకు తప్ప ఎటూ పోదట.

"ఇంజన్ మీదికెల్లి టిక్కు టిక్కుమంటుంది బిడ్డా. ఆగినప్పుడు ఆయిల్ లైటు గూడ మినుకుమంటుంది" అన్నడు. ఆయనకు మొదటిదే పెద్ద సంగతి. నన్ను పట్టుకున్నది రెండోది.

ఆయిల్ దించుతుంటే తొట్టిలో ఏదో ఖంగుమంది. చాంబర్ విప్పితే అడుగున నల్లటి మడ్డి. కిరసనాయిల్ పోసి గుడ్డలో వడకడితే మూడు మిగిలినయి: వంపు తిరిగిన సన్నటి తీగ, ఒక అంచు విరిగిన చిన్న ఇనుప రేకు, నూకగింజంత తెల్లటి పొర.

పెద్దబాపు తీగను పైకెత్తి "గిదే దొంగ" అన్నడు. ఫోటో తీసి దుబాయ్‌ల కొడుక్కు పంపిండు. "అమ్మి పారెయ్" అని అటు నుంచి జవాబు. ఇంజన్ చూడకుండ ఇచ్చే సలహాలన్నీ అట్లనే ఉంటయి.

19 జనవరి, కోరుట్ల

పొద్దున్నే అయస్కాంతం పెట్టిన. తీగ, రేకు ఎగిరి అతుక్కున్నయి. తెల్లపొర కదల్లేదు.

ముందు తీగ సంగతి. ఇది బీఎంసీ వాళ్ల 1489 సీసీ ఇంజన్, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలం నాటి నమూనా. ఎనిమిది వాల్వులు. ఒక్కో వాల్వు కాడను రెండు సగం లాకులు పట్టుకుంటయి, వాటి చుట్టూ ఒక తీగ క్లిప్పు. పైమూత తీసి చూస్తే మూడో సిలిండర్ వాల్వు ఒకదానికి ఆ క్లిప్పు లేదు. పుష్‌రాడ్ల సందులోంచి జారి చాంబర్‌ల పడ్డది. స్ప్రింగు బిగువుకు లాకులు నిలబడే ఉన్నయి కాబట్టి సరిపోయింది. అవి గూడ ఊడితే వాల్వు పిస్టన్ మీద పడేది. టిక్కుమనే చప్పుడు మాత్రం దీనిది కాదు, టాపెట్ గ్యాపు బాగా పెరిగింది.

రేకు కనెక్టింగ్ రాడ్ బోల్టుల లాకు చెవి. ఇది ఈ ఇంజన్‌లో ఇప్పుడున్న లాకుదా అనేదే ప్రశ్న. నాలుగు రాడ్ల లాకులూ సాబుతుగ ఉన్నయి. విరిగిన అంచును బుడ్డిగ్లాసుతో చూసిన. నేను ఆకారం కంటే ముందు విరిగిన మొఖమే చూస్త. కొత్తగా విరిగితే బూడిదరంగు గరుకు కనబడాలె. దీనికి అంచు మీద గూడ ఆయిల్ మాడి గోధుమరంగు పట్టింది. ఎన్నడో బోరు చేసినాయన విరగ్గొట్టి, లోపలనే వదిలేసి మూత బిగించిండు.

23 జనవరి, సిరిసిల్ల

సోమవారం. వేములవాడ దాటేసరికే మధ్యాహ్నమైంది, గుడి దగ్గర అంత జనం.

తెల్లపొర అల్యూమినియమైతే పిస్టన్‌ది, మెత్తటి సీసం తగరం కలిసిందైతే బేరింగ్‌ది. రెండింటికీ అయస్కాంతం అంటదు. గోటితో గీస్తే గీత పడుతుంది, అయినా నాకు నమ్మకం కుదరలేదు. సాంచాల సామాను చేసే లేత్ అన్న దగ్గరికి అందుకే పోయిన. ఆసాముల మూలుగు వినుకుంటనే టంకం పెట్టే ఇస్త్రీ వేడి చేసిండు. తగరం 232 డిగ్రీలకు, సీసం 327కు కరుగుతయి. అల్యూమినియానికి 660 కావాలె, ఆ ఇస్త్రీకి అంత సత్తా లేదు. మొన ఆనించంగనే పొర ముడుచుకొని గుండ్రటి బొట్టయింది.

"బేరింగే తమ్మీ. పిస్టన్ జోలికి పోకు."

24 జనవరి, కోరుట్ల

రాడ్ల మూతలు విప్పిన. మూడో రాడ్ బేరింగ్ షెల్ మీద తెల్లపూత ఒక పక్కన లేచిపోయి కింది ఎర్రలోహం కనబడుతుంది. క్రాంకు మీద గోటికి తగిలే గీతలు. ఆయిల్ లైటు ఎందుకు మినుకుమన్నదో ఇక్కడ తెలిసింది: బేరింగ్ వదులై ప్రెజర్ నిలుస్తలేదు.

షెల్ వెనక 020 అని గుద్ది ఉంది. అంటే క్రాంకు ఇదివరకే ఒకసారి గ్రైండింగ్ అయి, ఇరవై సైజు పడ్డది. విరిగిన లాకు చెవి బహుశా ఆ రిపేరు నాటిదే. ఇప్పుడు ముప్పై సైజు వేయాలె. ఆ తర్వాత నలభై ఒక్కటే మిగుల్తది.

క్రాంకును కరీంనగర్ పంపిన. ఉత్తర్‌పరాలో 2014లోనే అంబాసిడర్ తయారీ ఆగినా, షెల్స్ కోసం రాణిగంజ్‌కు ఫోన్ చేస్తే ఉన్నయన్నరు.

2 ఫిబ్రవరి, కోరుట్ల

వాల్వు క్లిప్పు దొరకడమే కష్టమైంది. దుకాణాలల్ల లాకులిస్తరు, క్లిప్పు ఇయ్యరు. ఒక పాత హెడ్డు నుంచి తీసి వేసిన. ఆయిల్ పంపు జాలి కడిగి, క్రాంకు ఆయిల్ రంధ్రాల్లో గాలి కొట్టి బిగించిన. టాపెట్లు సెట్ చేసినంక ఆగినప్పుడు గూడ లైటు వెలగలేదు.

తీగ దొంగ కాదంటే పెద్దబాపుకు కొంచెం నిరాశే. "మరి గా నూకంత దానికే గింత పనా?" అన్నడు. 500 కిలోమీటర్లకు మళ్లీ రమ్మన్న. ఆయిల్ తనే దించుకుంటనన్నడు గాని ఒప్పుకోలేదు. దాన్ని నేనే వడకట్టి చూడాలె.