రోలా ఉక్కపోతకు పొందూరు చొక్కా
ఆగస్టులో షార్జా రోలా సందుల్లో ఎండ కన్నా ఉక్కపోతే చంపుతుంది. పక్కనే సముద్రం మరి! గాలిలోనే అంత తేముంటే నూలు పీల్చిన చెమట ఆరేదెలా? అందుకే ‘ప్యూర్ కాటన్’ లేబుల్ ఒక్కటే చూసి కొనకండి. గుడ్డ పల్చగా, నేత కాస్త వదులుగా ఉండాలి, చంకల దగ్గర పట్టెయ్యకూడదు. వీపు మీద ఒక కుచ్చు, పక్కల చిన్న చీలికలు ఉంటే లోపల గాలి ఆడుతుంది. స్లిమ్ ఫిట్ ఏసీ మాల్‌కే పనికొస్తుంది.

నా ఓటు శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరుకే. వాలుగ చేప దవడ పళ్లతో దూది ఏకి, చేత్తో వడికిన సన్న నూలు అది. ఇస్త్రీ నిలవదు, నిజమే. నలిగితే నలగనీ, శుక్రవారం రోలా పార్కులో మనల్ని చూసేదెవరు?

శ్రీకాకుళం నుంచి ఎవరైనా షార్జా వస్తుంటే చెప్పండి. తెల్లది, పొట్టి చేతులు, 42 సైజు.