ఛాయాచిత్రమును దిద్దవచ్చునా?

విద్యార్థి తన లెక్కల పుస్తకమును ఉపాధ్యాయులకు ఒప్పగించునప్పుడు తుది సమాధానముతోపాటు నడుమ వేసిన మెట్లను గూడ చూపవలెను. సమాధానము సరియైనను మెట్లు లేనిచో మార్కులు తగ్గును. ఇది మనమందరము ఎరిగిన నియమమే. ఛాయాచిత్రకళను అభ్యసించువారికి మాత్రము ఈ విషయమున సందేహము తీరలేదు. అభ్యాసమునకై తీసిన చిత్రమును తీసినట్లే ఒప్పగింపవలెనా, కంప్యూటరుపై దిద్ది ఒప్పగింపవలెనా యను వివాదము మా తరగతిలో తరచుగా చెలరేగుచుండును. ఈ పాఠశాలను విడిచి ఆ కళను చదువుచున్న మేము మా యభిప్రాయమును చదువరుల యెదుట నుంచుచున్నాము. నేడు పెక్కుమంది చేతిలో కెమెరాగల ఫోను ఉన్నది గనుక ఇది కొందరికే సంబంధించిన విషయము కాదు.

మొదట "దిద్దనే కూడదు" అనువారి వాదమును విచారింతము. దిద్దినది అబద్ధమనియు, కెమెరా ఇచ్చినదే సత్యమనియు వీరి మతము. కాని కెమెరా ఇచ్చు చిత్రము దిద్దనిది కాదు. సాధారణపు డిజిటల్ కెమెరాలో వెలుతురును గ్రహించు ఫలకముపై లక్షలకొలది సన్నని గళ్లు కలవు. ఒక్కొక్క గడి యొక్క రంగును మాత్రమే గ్రహించును. సగము గళ్లు ఆకుపచ్చను, పాతికవంతు ఎరుపును, పాతికవంతు నీలమును పట్టును. కోడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయరు ఈ యమరికను కనిపెట్టి 1976లో పేటెంటు పొందెను. ప్రతి గడిలోను లోపించిన తక్కిన రెండు రంగులను కెమెరాయే లెక్కవేసి పూరించి, తెలుపును సరిచూచి, అంచులకు పదును పెట్టి, జేపెగ్ చిత్రముగా మన చేతికిచ్చును. మనము దిద్దకున్నను యంత్రము ముందే దిద్దియున్నది.

ఫిలిము కాలమునను ఇట్లే జరిగినది. మన పట్టణములలోని పాత స్టూడియోలలో నెగెటివుపై సన్నని పెన్సిలుతో టచింగు చేసి మొగముపై మచ్చలు మాపుట పరిపాటి. అమెరికా దేశపు ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో హెర్నాండెజ్ గ్రామముపై చంద్రోదయమును చిత్రించెను. ఆ యొక్క నెగెటివు నుండియే పలుమారులు ప్రింట్లు తీసి, కొన్ని చోట్ల వెలుతురు తగ్గించియు కొన్ని చోట్ల హెచ్చించియు, కాలక్రమమున ఆకాశమును మరింత నలుపు చేసెను. నెగెటివు స్వరములు వ్రాసిన కాగితము వంటిదనియు, ప్రింటు కచేరి వంటిదనియు ఆయన భావము. కావున దిద్దుట కళలో ఒక భాగమే. దానిని నేర్వని విద్యార్థి చదువు సగమే.

అట్లని ప్రతి పాఠమును దిద్దియే ఒప్పగింపవచ్చునా? మా సహాధ్యాయి యొకడు మిట్టమధ్యాహ్నము సున్నము కొట్టిన గోడను తీయగా అది బూడిదరంగుగా వచ్చెను. కంప్యూటరుపై దానిని క్షణములో తెల్లగా చేయగలవాడే. కాని ఆ వారము దిద్దరాదను నియమముండుటచే ఉన్నదున్నట్లు చూపెను. ఉపాధ్యాయులవారు చూచి, కెమెరాలోని వెలుతురు కొలత తన ముందున్నదానిని నడితరపు బూడిదరంగుగా నెంచి లెక్కవేయుననియు, అందుచే తెల్లని వస్తువునకు ఒకటి రెండు స్టాపులు వెలుతురు హెచ్చింపవలెననియు, నల్లని వస్తువునకు తగ్గింపవలెననియు బోధించిరి. గోడను తెల్లగా దిద్ది తెచ్చియుండినచో ఈ పాఠము మాకెవ్వరికిని దక్కియుండెడిది కాదు. పాలిపోయిన మొగమునకు రంగు పూసికొని వైద్యునొద్దకు పోవు రోగికి ఏమి లాభము?

మరియు దిద్దుబాటునకు హద్దు కలదు. జేపెగ్ చిత్రములో ఒక్కొక్క రంగునకు 256 మెట్లుండగా, 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుండును. అవకాశము హెచ్చేగాని అనంతము కాదు. వెలుతురు మితిమీరి సోకి వట్టి తెలుపైన చోట లేని వివరమును ఏ దిద్దుబాటును తిరిగి తేజాలదు.

మరియొక వారము వేరొకరు చెరువుగట్టు చిత్రమును తెచ్చిరి. ఆకాశము మిగుల రమణీయముగా నుండెను. ఉపాధ్యాయులవారు కొంతసేపు చూచి, "నీడలు మనుష్యుల కాళ్లక్రిందనే యున్నవి; మేఘములకు సాయంకాలపు ఎరుపు ఎచ్చటినుండి వచ్చినది?" అని యడిగిరి. వేరొకనాటి ఆకాశమును అతికించినట్లు తేలెను. ఆ చిత్రములో బిందె ముంచుకొనుచున్న ముదుసలి నిజముగా చక్కగా తీయబడినది. కాని ఆకాశము అబద్ధమని తెలిసిన పిమ్మట ఆమెను గూడ ఎవ్వరును నమ్మరైరి. ఇదియే మాకు మిక్కిలి విచారము కలిగించినది.

పెద్దలకును ఇట్టి పరాభవము తప్పలేదు. నేషనల్ జియోగ్రఫిక్ పత్రిక 1982 ఫిబ్రవరి సంచిక ముఖచిత్రములో, నిలువు పుటలో ఇముడుటకై గీజా పిరమిడ్లను దగ్గరకు జరిపి తీవ్రవిమర్శకు గురియైనది. 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీవారు మూలచిత్రములతో సరిపోల్చిచూచి, చివరిదానికి ముందు దశకు చేరినవానిలో సుమారు 20 శాతమును అనర్హములని తోసివేసిరి.

కావున మా మనవి యిది. విద్యార్థి రెండు చిత్రములను ఒప్పగించుగాక: ఒకటి కెమెరా ఇచ్చినది, రెండవది తాను దిద్దినది. ఏమి మార్చెనో, ఏల మార్చెనో రెండు పంక్తులలో వ్రాయుగాక. వెలుతురును కొలుచుట పాఠమైనచో మొదటిదానికి మార్కులీయవలెను. ప్రింటు తీర్చుట పాఠమైనచో రెండవదానికీయవలెను. వెలుగునీడలను సవరించుట తగును. ఉన్నదానిని మాపుటయు, లేనిదానిని చేర్చుటయు చెప్పక చేసినచో తగదు. చెప్పి చేసినచో అది వేరొక కళ యగును.

తలిదండ్రులు తమ బిడ్డలు చూపు అందమైన చిత్రమును మెచ్చుకొనునప్పుడు మొదటిదానిని గూడ చూపుమని యడుగుదురుగాక. ఆ రెంటి నడుమనున్న దూరమే బిడ్డ నేర్చిన విద్య. దానిని దాచనవసరము లేని విద్యార్థికి ఉపాధ్యాయులవలన భయమును లేదు, లోకమువలన సందేహమును లేదు.