చక్రం చేసిన హెచ్చరిక

మా పాత జీపు ముందు చక్రం నుండి నెల రోజులుగా గుర్రుమని శబ్దం వస్తూ ఉండేది. వేగం పెరిగితే శబ్దమూ పెరిగేది. "టైరు అరిగింది, అంతే" అని మాకు మేమే సర్దిచెప్పుకొని, పిల్లలను ఎక్కించుకొని ఊళ్లు తిరిగాము.

ఒక శనివారం మిగతా చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, జాకీతో పైకెత్తి, జాకీనే నమ్మక క్రింద దుంగ పెట్టాము. చక్రాన్ని పైనా క్రిందా పట్టుకొని ఊపితే కదిలింది. విప్పి చూస్తే బేరింగు రోలర్లు మాడి, గుంటలు పడి ఉన్నాయి. మా గుండె ఝల్లుమన్నది.

పాత కప్పులోనే కొత్త బేరింగు పెట్టేద్దామనుకొన్నాము. "కప్పులో గుంటలుంటే కొత్తదీ పాడవుతుంది నాన్నా" అని మా పెద్దవాడు పట్టుబట్టాడు. వాడన్నదే నిజం. కప్పులు, సీలు మార్చి, రోలర్ల సందుల్లో గ్రీజు దట్టించి, చక్రం త్రిప్పుతూ నట్టు బిగించి, మళ్లీ రవ్వంత వదులు చేసి లాకు వేశాము. మరీ బిగిస్తే వేడెక్కి మాడుతుంది. మరీ వదులైతే చక్రం ఊగుతుంది.

ప్రియ చదువరులారా, బేరింగు ఖర్చుకు జంకి నెల రోజులు వినీ విననట్లున్నాము. ఆ బండిలో కూర్చున్న పిల్లల సంగతి తలచుకోలేదు. మీ బండి శబ్దం చేస్తే ఆ రోజే విప్పి చూడండి.